కూసోని తిట్టక్కా

మా మేడిపల్లిలో ఏ తప్పు జరిగినా అది జలపతిదే. ఎవరూ ఆయన మీద మోపనక్కర్లేదు, ఆయనే ఎదురొచ్చి నెత్తికెత్తుకుంటాడు. మా కిరాణా కొట్టు పక్కనే ఆయన మోటార్ల రిపేరు దుకాణం. కాబట్టి ఈ జబ్బును దగ్గరినుంచి చూసినవాణ్ణి నేను.

కోరుట్ల బస్సు ఆలస్యమైతే, "తప్పు నాదే. నేనే జెర ముందుగాల అచ్చిన" అంటాడు. మా చెల్లెలు సృజన పెళ్లిలో వాన దంచికొడితే, "తప్పు నాదే. నిన్ననే కొత్త గొడుగు కొన్న" అన్నాడు. సిరిసిల్లలో సాంచాలు, అదే మరమగ్గాలు, ఆగిపోయి నేతగాళ్లు ఖాళీగా కూర్చున్నారని పేపరు చదివి వినిపిస్తే, దిగులుగా తన అంగీ చూసుకున్నాడు.

"ఎన్నేండ్ల సందో గిదే అంగీ తొడుగుతున్న. తప్పు నాదే."

"గిదేం రోగం కాకా నీకు?" అన్నాను.

"తప్పెవలదో తేలేదాక పంచాయితి నడుస్తది, మోటరు నడువది. ఆడ పొలం ఎండుతది. నాదే అన్ననుకో, అయిపాయె! పని మీద పడొచ్చు."

అంటూనే మళ్లీ రాగితీగ చుట్టడంలో మునిగిపోయాడు. ఊళ్లో మోటార్లు తిరగాలి, మళ్లు తడవాలి. తను పుట్టింది అందుకేనని ఆయన నమ్మకం.

పోయిన వానాకాలం మా వీధి ప్రకాశ్ దుబాయిలో, క్యాంపు గదిలో నిద్రలోనే పోయాడు. శవపెట్టె ఊరు చేరడానికే వారాలు పట్టింది. కర్మలన్నీ ముగిసిన రోజు, ఇంటిముందు టెంటు కింద అందరూ ఉండగానే తల్లి సాయవ్వ కోడలు వసంత మీద విరుచుకుపడింది.

"నా కొడుకును తోలింది గిదే! ఇల్లు గట్టాలె, ఇల్లు గట్టాలె అని పానం దీసింది. ఇగ దీన్ని నా గడప తొక్కనియ్య!"

వసంత తల వంచుకుంది. బీడీలు చుట్టే వేళ్లు కొంగు అంచును చుడుతున్నాయి. వెళ్లడానికి ఆమెకు పుట్టిల్లు కూడా లేదు. అత్త అన్నది అబద్ధమూ కాదు. పెద్దమనుషులు గొంతులు సవరించుకుంటూ కండువాలు సర్దుకున్నారు.

జలపతి లేచాడు.

"సాయక్కా, తప్పు నాదే."

ఎవరో అలవాటుకొద్దీ నవ్వబోయి ఆపుకున్నారు.

"ఈ ఊళ్లె ఏమున్నదిరా, దుబాయ్ పో అని ఎగేసింది నేనే. ఆ పిల్లకేం దెల్వది."

నాకు ఒళ్లు మండింది. ప్రకాశ్ పాస్‌పోర్టు చూపించడానికి దుకాణానికొచ్చిన రోజు, "పోకురా, నా దగ్గర్నే పని జెయ్, దుకాన్ల సగం నీదే" అని బతిమాలింది ఈ మనిషే, నా కళ్లముందే. చెబుదామని నోరు తెరిచాను. జలపతి నా కాలు తొక్కాడు.

సాయవ్వ చెంబు విసిరింది. ఆయన నుదురు బొప్పి కట్టింది. వసంత మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ మర్నాటినుంచి సాయవ్వ రోజూ దుకాణం ముందు నిలబడి తిట్టేది. మోకాళ్ల నొప్పులతో ఆమె అవస్థ చూసి జలపతి స్టూలు వేశాడు.

"కూసోని తిట్టక్కా."

మధ్యలో గొంతు ఆరితే మంచినీళ్లు కూడా ఇచ్చేవాడు. కడుపునిండా తిట్టి, ఆమె ఇంటికి పోయి కోడలితో కలిసి అన్నం తినేది.

మొన్న నేనిక ఆగలేకపోయాను. "పెద్దవ్వా, జలపతి కాకయితే ప్రకాశ్‌ను పోవద్దనే అన్నడు!"

"నాకెరుక లేదా? కాక పోవద్దంటుండే అని నా కొడుకే ఫోన్ల జెప్పిండు."

"మరెందుకు తిడ్తున్నవ్?"

"కడుపుల మంటున్నది కొడుకా. ఎవలన్న పడాలె గద. కోడలు మీద పోస్తే ఇద్దరం కాలిపోదుము."

జలపతి చేతిలో తీగ ఆగింది. "ఎరికుండే తిట్టినవా అక్కా?"

"ఆ. తప్పు నాదే, తియ్."

ఆయన ముఖం అంతగా మాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఉన్న ఒక్క మాటనూ ఆమె లాగేసుకుంది.

"గదెట్లయితది? స్టూలేసింది నేను గద!" అని గొణిగాడు. మళ్లీ తనే బెరుకుగా అడిగాడు. "ఇగ రేపటి సంది రావా?"

"ఎందుకు రాను? ఇంకా శాన తిట్లున్నయ్" అంటూ సాయవ్వ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.