పగలు మాయమయ్యే డిస్క్

మా ఇంట్లో ఒక పెట్టె ఉంది. పాత కంప్యూటర్‌ని నేనే విప్పి, పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి బిగించి, ఇంటి సర్వర్‌గా మార్చుకున్నాను. తార్నాకలో మేం అద్దెకుంటున్న వాటాలో, హాల్లో, అమ్మ కూర్చునే కుర్చీ పక్కన చిన్న బల్ల మీద ఉంటుంది. వచ్చినవాళ్లంతా దాన్ని ఇన్వర్టర్ అనుకుంటారు. అనుకోనీండి, నాకేం.

అందులో ఉన్నవి పాఠాలు. క్యాంపస్‌లో నేను చరిత్ర చెబుతాను, పార్ట్‌టైం కొలువు. నా దగ్గర ఎం.ఏ. చదివిన ఒక అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. ఇంగ్లీషు పుస్తకాలైతే ఆమె ఫోనే చదివి పెడుతుంది. తెలుగు పాత పుస్తకాల దగ్గరికొచ్చేసరికి ఆ ఫోనుకు నోరు పెగలదు. ఫొటో తీసిన పేజీ ఇస్తే ఒత్తులన్నీ మింగేసి ఏదో గొణుగుతుంది. అందుకని మా అమ్మ చదవడం మొదలుపెట్టింది. అమ్మ కోస్తాలో మిషన్ బడిలో తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. ఆదివారం చర్చిలో వాక్యం చదివితే మైకు లేకుండానే చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. ఆవిడ చదువుతుంది, ల్యాప్‌టాప్ రికార్డు చేస్తుంది, ఆ రికార్డు నేరుగా పెట్టెలోని డిస్క్‌లోకి వెళ్తుంది, హాస్టల్లో ఆ అమ్మాయి ఫోన్లో వింటుంది.

ఆ అమ్మాయికి ఈ వేసవిలో లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష. హాస్టల్లో ఉండే గడువు కూడా దాంతోనే అయిపోతుంది. ఈసారి తప్పితే మూటాముల్లె సర్దుకుని ఊరికి వెళ్లిపోవాలి, అక్కడ పెళ్లి మాటలు తయారుగా ఉన్నాయి. పైగా సిలబస్ మారింది. కొత్త పుస్తకాలు ఆమెకు చదివి వినిపించే దిక్కు మేం తప్ప ఇంకెవరూ లేరు.

సరిగ్గా అప్పుడే డిస్క్ మాయమవడం మొదలైంది.

మొదటిసారి సాయంత్రం చివరి క్లాసు ముగించుకుని డిపార్ట్‌మెంట్ మెట్లు దిగుతుంటే ఫోన్ వచ్చింది. "మేడం, మీ డిస్క్ గాయబ్ అయింది," అంది ఆ అమ్మాయి. "పాఠం సగం ఇన్న. నడిమిట్ల బందైంది. ఇప్పుడైతే ఫోల్డరే లేదంటున్నది."

ఇంటికి పరుగెత్తాను. అమ్మ కూడా దిగాలుగా ఉంది. పొద్దున్నుంచీ గొంతు చించుకుని చదివిన అధ్యాయం సగంలో తెగిపోయింది. ల్యాప్‌టాప్ ముసలిది, దానిలో చోటు ఎప్పుడో నిండిపోయింది కాబట్టి అందులో దాచే వీలు లేదు. నేను పెట్టెని ఆపి మళ్లీ ఆన్ చేశాను. డిస్క్ వచ్చేసింది. ఏమీ ఎరగనట్టు, పెద్దమనిషిలా కూర్చుంది. పోయిన అధ్యాయం మాత్రం రాలేదు. అంతకుముందు చదివిన వాటిలో కూడా ఒకటి రెండు తెరుచుకోవడం మానేశాయి. నా దగ్గరున్న కాపీ పాత సిలబస్ వరకే. ఇలా నాలుగుసార్లు జరిగిందంటే చదివినదంతా పోతుందని నాకు అర్థమైంది, భయమేసింది.

మర్నాడు పగలు మళ్లీ మాయం. సాయంత్రం నేను వచ్చి ఆపి ఆన్ చేస్తే బుద్ధిగా పనిచేస్తోంది. ఆ మర్నాడూ అంతే.

నేను కంప్యూటర్లు చదువుకోలేదు. అయినా పట్టుబట్టి నేర్చుకున్నాను, విప్పి బిగించడం చేతనవును. ముందు కేబుల్ మార్చాను. లాభం లేదు. డిస్క్‌ని ఆ సాకెట్ నుంచి తీసి ఇంకో సాకెట్‌కి పెట్టాను. అక్కడా మాయమైంది. డిస్క్ ఆరోగ్యం చూపించే రిపోర్టు తీస్తే ఎక్కడా మచ్చ లేదు. ఒక్కటే తేడా కనిపించింది: మధ్యాహ్నాల్లో వేడి బాగా ఎక్కువైనట్టు రాసుంది. ఎండాకాలం, పై అంతస్తు, స్లాబు కింద మనుషులమే ఉడికిపోతున్నాం, డిస్క్ ఒక లెక్కా అనుకున్నాను. చిన్న టేబుల్ ఫ్యాను కొని, పెట్టెకి ఎదురుగా పెట్టి, "అమ్మా, ఇది ఎప్పుడూ తిరుగుతూ ఉండాలి," అని చెప్పి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి ఫ్యాను తిరుగుతూనే ఉంది. డిస్క్ మాత్రం పగలు మళ్లీ పోయిందట.

ముషీరాబాద్‌లో ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. అతను డిస్క్‌ని చేతిలోకైనా తీసుకోలేదు.

"ఖతం అయింది మేడం. కొత్తది తీస్కోండ్రి."

"చూడకుండానే ఎలా చెప్తారు?"

"గాయబ్ అయితున్నదంటున్నరు గదా. ఇంకేం చూసేది?"

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నాడట వెనకటికి ఒకడు. నేను కదల్లేదు. డిస్క్‌ని మీ బల్ల మీద పెట్టి రోజంతా నడపండి, పోతే నేనే కొత్తది కొంటాను అన్నాను. సణుగుతూ పెట్టుకున్నాడు. పొద్దుటినుంచి షట్టర్ దించే దాకా నడిచింది, ఒక్కసారి కూడా పోలేదు. "మీ ఇంట్లనే ఏదో ఉన్నది మేడం," అన్నాడు వెనక్కిస్తూ. ఏదో దయ్యం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

డిపార్ట్‌మెంట్‌లో ఒక పెద్ద ప్రొఫెసర్ గారికి ఈ సంగతి తెలిసింది. "ఇంట్లో సర్వరేంటండీ మేడం, చాదస్తం కాకపోతే. అందరిలా ఆన్‌లైన్‌లో పడేసుకోక," అని నవ్వారు. ఇంకో మాట కూడా అన్నారు: "అయినా ఒక్క స్టూడెంట్ కోసం ఇంత అవసరమా?" అప్పటిదాకా నాకు డిస్క్ మీదే కోపం. ఆ మాటతో ఒళ్లు మండిపోయింది. "ఒక్క స్టూడెంటే కదా సార్, ఒక్కదానికే చెయ్యలేకపోతే మనమెందుకు?" అన్నాను. ఆయన టీ తాగడంలో మునిగిపోయారు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని స్టాఫ్ రూంలో అందరికీ తెలుసు. ఉండనీండి, మూడు కాళ్లతోనే పరుగెత్తిస్తాను అనుకుంటూ బయటికొచ్చాను.

అయితే ధైర్యం మాటల్లోనే. ఆ వారంలో అమ్మ ఒకే అధ్యాయాన్ని మళ్లీ మళ్లీ చదివింది. గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు కాచుకుని తాగి, మళ్లీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకునేది. హాస్టల్లో అమ్మాయి విన్న పాఠాలనే తిప్పి తిప్పి వింటోంది. ఒకరోజు క్యాంపస్‌లో కలిసినప్పుడు, "మేడం, నిజం చెప్పుండ్రి. ఇది అయితదా, కాదా? కాదంటే చెప్పుండ్రి, నేను ఇంకెవరినన్న బతిమాలుకుంట," అంది. ఇంకెవరూ లేరని తనకూ తెలుసు, నాకూ తెలుసు. "అయితది," అన్నాను, తన మాటలోనే.

రెండ్రోజుల తర్వాత క్యాంపస్‌లో విద్యార్థులు క్లాసులు బహిష్కరించారు. గేటు దగ్గర నినాదాలు, పోలీసు వ్యాన్లు. నేను ఆటో ఎక్కి మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేశాను. అమ్మ చదివే వేళకి నేను ఇంట్లో ఉండటం ఆ వేసవిలో అదే మొదలు.

తలుపు తీయగానే సెగ కొట్టింది. కిటికీలన్నీ మూసి, పాత చీరలు అడ్డం కట్టి ఉన్నాయి. సీలింగ్ ఫ్యాను ఆపి ఉంది. నేను కొన్న టేబుల్ ఫ్యాను కూడా ఆపి ఉంది. అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని చదువుతోంది. రవికె తడిసి వీపుకి అంటుకుపోయింది, చెమట గడ్డం మీంచి పుస్తకం మీద పడకుండా ఎడమచేత్తో తువ్వాలు పట్టుకుంది. ఆవిడ పక్కన, చిన్న బల్ల మీద, మా పెట్టె లేదు. బొంత ఉంది. అమ్మమ్మ చీరలతో కుట్టిన మందపాటి బొంత, రెండు మడతలు వేసి, చలిజ్వరం వచ్చిన పిల్లకి కప్పినట్టు పెట్టె చుట్టూ ఎక్కడా సందు లేకుండా చుట్టి ఉంది.

నేను నోరు తెరిచేలోపు అమ్మ వేలు పెదవుల మీద పెట్టి, ఉండమని సైగ చేసింది. పేరా పూర్తి చేసింది. రికార్డింగ్ ఆపబోయి స్క్రీన్ వైపు చూసి, "మళ్లీ పోయిందే," అంది నీరసంగా.

నేను బొంత లాగేశాను. పెట్టె మీద చెయ్యి వేసి, చురుక్కుమని తీసేశాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ముషీరాబాద్ దాకా వెళ్లొచ్చాను గానీ, నా ఇంట్లో పగలు ఏం జరుగుతోందో చూడలేదు.

"అమ్మా, ఇదెందుకు కప్పావ్?"

"మరి చప్పుడు రాదూ?"

"ఎప్పట్నుంచి కప్పుతున్నావ్?"

"వాళ్లు అలా అన్న దగ్గర్నుంచీ."

అప్పుడు వెలిగింది. ఆ వేసవి మొదట్లో, పుస్తకాలు చదివి రికార్డు చేయించే ఒక సంస్థకి మా పాఠాలు కొన్ని పంపాను. ఇంకా నలుగురికి పనికొస్తాయని ఆశ. వాళ్లు ఫోన్ చేసి, తీసుకోలేమన్నారు. వెనకాల ఏదో గుర్రుమంటోందట. ఫ్యాను వినిపిస్తోందట. చదివే ఆవిడ వయసు గొంతులో తెలుస్తోందట. స్పీకర్‌లో పెట్టి మాట్లాడాను కాబట్టి అమ్మ కూడా వింది. లేచి వెళ్లి బియ్యం ఏరుకుంది. ముప్పై ఏళ్లు పిల్లలకి గట్టిగా, స్పష్టంగా చదవండర్రా అని నేర్పిన మనిషి. నేను ఆ ఫోన్ సంగతి రెండు తిట్లు తిట్టి వదిలేశాను. ఆవిడ వదల్లేదు. వయసుని ఆపలేం కాబట్టి ఫ్యాన్లని ఆపింది, పెట్టె మీద బొంత కప్పింది. పని అవగానే బొంత మడిచి బీరువాలో పెట్టి, కిటికీలు తెరిచి, నా టేబుల్ ఫ్యాను మళ్లీ తిప్పేది. నేను వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండాలి, అది ఆవిడ పద్ధతి. రికార్డింగ్ సగంలో పోయిన కొద్దీ మరింత శ్రద్ధగా కప్పింది.

"నాకు చెప్పొచ్చు కదమ్మా."

"నువ్వు అడగలేదు కదే." బొంత ఒళ్లోకి తీసుకుని, "అయితే దాన్ని నేనే పాడుచేశానా? ఆ పిల్ల పాఠాలన్నీ నా మూలంగానే పోయాయా?" అంది. నాకు ఏడుపొచ్చింది, దాంతో పాటు కోపమూ వచ్చింది. అమ్మ మీద కాదు. ఈ డెబ్బై ఏళ్ల మనిషిని గాలి లేని గదిలో కూర్చోబెట్టిన ఆ ఫోన్ గొంతు మీద.

అప్పుడే హాస్టల్ నుంచి ఫోన్. "మేడం, మళ్ల బందైంది."

నేను ఏదో సర్ది చెప్పబోయాను. అమ్మ ఫోన్ లాక్కుంది. ఉన్నదున్నట్టు చెప్పేసింది: చప్పుడు వస్తోందన్నారనీ, బొంత కప్పాననీ, అందువల్లే పోతోందనీ, తప్పు తనదేననీ.

"అమ్మమ్మా," అంది ఆ అమ్మాయి. "మా రూమ్ పక్కనే నీళ్ల మోటార్ ఉన్నది. మెస్సుల గిన్నెలు దబదబ పడ్తయి. బయట పొద్దుమాపు నినాదాలు. నేను గిట్లనే చదువుకుని ఎం.ఏ. పాసైన. నువ్వు ఫ్యాన్ బంద్ చేసుకుని కూసుంటే నాకు పాఠం ఎక్కుతదా? పానం ఖరాబ్ చేసుకోకు. వాళ్లకు స్టూడియో కావాలె. నాకు పుస్తకం కావాలె."

అమ్మ కళ్లు తుడుచుకుంది. లేచి ముందు కిటికీల మీది చీరలు తీసింది. లాలాపేట్ వైపు నుంచి రైలు కూత లోపలికి వచ్చింది, కింద కూరగాయల బండివాడి అరుపు వచ్చింది. సీలింగ్ ఫ్యాను వేసింది. టేబుల్ ఫ్యాను వేసింది. పెట్టె మీద ఉత్తి చెయ్యి పెట్టి చల్లబడే దాకా అలాగే నిలబడింది. నేను డిస్క్‌ని మళ్లీ లేపాను. పాడైన పాఠాలేవో, మిగిలినవేవో తేల్చుకున్నాం. చాలానే మళ్లీ చదవాలి. పరీక్షకి వ్యవధి తక్కువ.

"అవుతుందా?" అన్నాను.

"ఎందుకవదు?" అంది అమ్మ. అద్దాలు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. అప్పటిదాకా ప్రతి పాఠానికీ ముందు పుస్తకం పేరు, అధ్యాయం పేరు మాత్రమే చెప్పేది. ఆ రోజు రికార్డింగ్ మొదలుపెట్టి, గొంతు సవరించుకుని, చర్చిలో చివరి బెంచీకి వినిపించే గొంతుతో ఇలా అంది:

"ఫ్యాను తిరుగుతోంది. పెట్టె మోగుతోంది. చదివేది ముసలిదాన్నే. ఇబ్బందైనవాళ్లు వినక్కర్లేదు. అమ్మడూ, నువ్వు విను. నాలుగో అధ్యాయం."