లారీ పోయాక కూడా వణికిన నీళ్లు

మేస్త్రీ తాత పోయాడన్న కబురు మా అంగన్‌వాడీ ఆయమ్మ తెచ్చినప్పుడు నేను పిల్లలకు గుడ్లు వలుస్తున్నాను. "టీచరమ్మా, పొద్దుగాల్నే పోయిండంట. ఖమ్మం దవాఖానా నుంచి తీసుకొస్తున్నరు" అంది. గుడ్డు పక్కన పెట్టి గోడల దిక్కు చూశాను. నేను కూర్చున్న ఆ అంగన్‌వాడీ గది ఆయన కట్టిందే.

ఆ గదికే ఇప్పుడు గండం వచ్చి పడింది. పైన రేకులు కారుతున్నాయని, కేంద్రాన్ని రోడ్డు పక్క కిరాయి గదికి మార్చాలని పోయిన నెల ఊళ్లో మాట పుట్టింది. ఆ కిరాయి గది కుంట పూడ్చిన జాగాలో ఉంది. దవాఖానాలో చూడబోతే ఆయన తన రోగం సంగతి ఎత్తనే లేదు. "పిల్లల్ని అటు పోనియ్యకు బిడ్డా" అన్నాడు. ఆపడం నా చేతుల్లో ఉందా? తల్లులు ఎటంటే అటు.

మా ఊరు దుమ్ముగూడెం దారిలో ఉంది. ఒక దిక్కు గోదారి, ఇంకో దిక్కు అడవి గుట్టలు. ఏళ్ల కిందట ఈ గది మంజూరైనప్పుడు రెండు జాగాలు అనుకున్నారు. ఒకటి ఇళ్ల మధ్య, రోడ్డు పక్క, పూడ్చిన కుంట. రెండోది ఊరు దాటి, ఎత్తు ఎక్కి పోవాల్సిన గుట్ట అడుగు. మేస్త్రీ తాత రెండు చోట్లా గుంతలు తీయించాడు. కుంటలో నడుము లోతు తవ్వినా నల్లమట్టి, పాత చెప్పులు, ప్లాస్టిక్ సంచులే వచ్చాయి. గుట్ట కింద రెండడుగులకే మొరం, ఆ వెంటనే బండ తగిలింది.

గుట్ట కిందే కడదామన్నాడు. నేనూ, తల్లులూ వినలేదు. అప్పుడాయన టీ గ్లాసు నిండా నీళ్లు పోసి కుంట జాగాలో నేల మీద పెట్టాడు. ఇసుక లారీ వచ్చింది, నీళ్లు వణికాయి. లారీ మలుపు తిరిగిపోయింది, నీళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. అదే రోడ్డు గుట్టను ఆనుకుని పోయే చోట, రోడ్డుకు అంతే దూరంలో గ్లాసు మళ్లీ పెట్టాడు. అక్కడ లారీ పోగానే నీళ్లు నిలిచిపోయాయి.

"లారీకే గిట్లుంటే, భూమే కదిల్తే ఏంది సంగతి?" అన్నాడు. "మెత్తటి నేల ఊపును పట్టుకుంటది, ఇంకింత పెంచుతది. గట్టి నేల జల్దీ ఇడిచిపెడ్తది."

నేను ఊరుకుంటానా? "భూకంపం ఎన్నడొస్తదో ఏమో, పసిపిల్లలు రోజూ గంత దూరం నడవాల్నా? నీకేం, కట్టి పోతవ్!" అని ఎగిరిపడ్డాను. తల్లులంతా నా వైపే. ఆయన కోపం తెచ్చుకోలేదు. "నడుస్తరు బిడ్డా, మెల్లగ నడిపిద్దాం" అన్నాడు. సర్పంచి ఆయన మాటే పట్టాడు. గది లేచేదాకా నేను ఆయనతో మాట్లాడితే ఒట్టు.

ఆయన మాత్రం ఆదివారం చర్చి అయిపోగానే తెల్ల చొక్కాతోనే వచ్చి గోడలు తడిపేవాడు. పిల్లలు పడుకునే దిక్కు గోడకు అల్మారా పెట్టనివ్వలేదు. "నిద్రపోయేటోళ్ల నెత్తిమీద బరువు ఉండొద్దు" అనేవాడు. నేను మూతి ముడుచుకుని చూసేదాన్ని. ఎంత పొగరు నాకప్పుడు!

గది కట్టిన మరుసటేడు చలికాలంలో, పిల్లలు ఉప్మా తింటుంటే భూమి కదిలింది. తలుపు గడియ టకటకమంది. నేను అందరినీ వాకిట్లోకి తోలేసరికి అంతా అయిపోయింది. ఒక బుడ్డోడు నోట్లో ఉప్మాతో "టీచరమ్మా, ఎవలు ఊపిండ్రు?" అని అడిగాడు. తల్లులు చెప్పుల్లేకుండా ఉరికొచ్చి ఎవరి పిల్లల్ని వాళ్లు ఎత్తుకున్నారు. ఆయన మాకు వద్దన్న కుంట జాగాలో అప్పటికే ఒక ఎరువుల కొట్టు వెలిసింది, దాని వెనక గోడ కూలి బస్తాల మీద పడింది. మా గది గోడకు వెంట్రుకంత బీట కూడా పడలేదు.

ఆ సాయంత్రం మేస్త్రీ తాత కాళ్లకు మొక్కబోయాను. "నాకు మొక్కుడేంది? నా బిడ్డ ఇల్లే పగిలింది, వచ్చి చూడు" అని గుట్ట మీదికి తీసుకుపోయాడు. బండ మీద కడితే ఇంకేం భయమని, కూతురికి గుట్ట కొనమీద ఇల్లు కట్టిచ్చాడు. గోడ మూల నుంచి మూలకు చీలి ఉంది. "బండనే చూసిన, కొనను చూడలే. ఊపు కొనకొచ్చేసరికి ఎక్కువైతదని తెల్వకపాయె" అన్నాడు. ఆ చీలికలోకి వేళ్లు దూర్చి చూపించాడు.

కూతురికి గుట్ట కింద వేరే ఇల్లు లేపాడు గానీ, ఆ పగిలిన గోడకు చాన్నాళ్లు సిమెంటు పూయలేదు. ఎవరు కొత్త ఇంటి పునాదికి ముగ్గు పోస్తున్నారని తెలిసినా ముందు అక్కడికి తీసుకుపోయి చూపించేవాడు. "నాయినా, ఊరందరికి చూపిచ్చి ఇజ్జత్ తీస్తున్నవ్!" అని కూతురు మొత్తుకునేది. "ఇజ్జత్ పోతే పోనియ్, ఇంకో ఇల్లు పగలొద్దు" అనేవాడు. తన తప్పును అంత ధైర్యంగా చూపించినవాణ్ణి నేను మరొకర్ని ఎరగను.

ఖమ్మం నుంచి తెచ్చాక, చర్చి వెనక ఆయనను మట్టి చేశాం. నేనూ పిడికెడు మట్టి వేసి పక్కకు వచ్చి నిలబడ్డాను. అప్పట్లో మేస్త్రీ తాతను అందరికంటే ఎక్కువ తిట్టిన తల్లి నా దగ్గరికొచ్చింది. ఉప్మా బుడ్డోడి తల్లే. ఇప్పుడు ఆమె చిన్నకూతురు నా అంగన్‌వాడీకి వస్తుంది. "టీచరమ్మా, కారేది రేకులే గదా. మేం మారుస్తం. జాగా మాత్రం మార్చొద్దు" అంది. పక్కనున్న ఆడవాళ్లు "అవ్, అవ్" అన్నారు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నాకు ఒక్కసారిగా పొంగింది. అందరి ముందే ఏడ్చాను.

మర్నాడు గది తాళం తీసి వాకిట్లో నిలబడ్డాను. కింది నుంచి ఆయమ్మ వెంట పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని ఎత్తు ఎక్కి వస్తున్నారు. వాళ్ల పక్కనే నలుగురు తండ్రులు కొత్త రేకులు నెత్తిన మోసుకుంటూ, పిల్లల అడుగుకు తగ్గట్టు మెల్లగా నడుస్తున్నారు. చిన్నవాళ్లు కొందరు ఆ రేకుల నీడలోకి దూరి నవ్వుకుంటూ వస్తున్నారు.