మా క్వయర్ మాస్టారి ఊపిరి గీతలు

"మన క్వయర్ మాస్టారు ప్రభువునందు నిద్రించారు" అని గురువారం పొద్దున సంఘం గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. పెట్టినవాళ్లలో సగం మంది, ఆయన పాట మొదలుపెట్టగానే కాఫీకి లేచిపోయినవాళ్లే. అందుకే ఇది మర్యాదగా రాయలేకపోతున్నాను.

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. అమెరికాలో, న్యూజెర్సీ పార్సిప్పనీలో మా తెలుగు చర్చి సంఘానికి పాట నేర్పిన రిటైర్డ్ ఇంజినీరు ఆయన. ఐదువందల ఏళ్ల కిందట యూరప్ చర్చిల్లో వాయిద్యాల్లేకుండా, నాలుగు గొంతులు అల్లుకుని పాడిన లాటిన్ కీర్తనలంటే ప్రాణం. మాటలు తెలుగు లిపిలో రాసి, పక్కన అర్థం రాసి ఇచ్చేవారు. నేను గోడౌన్‌లో పెట్టెలెత్తేవాణ్ణి. ఏ చదువైనా సొంతంగా కెలుక్కున్నదే. "నాకు రాదు సార్" అంటే, "పెట్టె ఎత్తేటప్పుడు ఊపిరి ఎక్కడ పట్టాలో తెలుసుగా? అంతేనోయ్, రా" అన్నారు.

క్వయర్‌లో మేం ఐదుగురం. పై మూడు గొంతులకీ ఒక్కొక్కరు. కింది స్వరం ఆయనా, నేనూ. ఇద్దరం ఒకేచోట ఊపిరి తీసుకుంటే ఊరుకునేవారు కాదు. నా కాగితం మీద పెన్సిల్‌తో చిన్న గీతలు పెట్టేవారు. "ఇక్కడ నువ్వు ఊపిరి తీసుకో, నేను పట్టుకుంటా. పాట తెగినట్టు జనానికి తెలియకూడదు."

కమిటీ పెద్దకి ఇది పడేది కాదు. "అర్థంకాని భాషెందుకు బ్రదర్, యూత్ రారు" అని డ్రమ్స్ తెప్పించాడు. "వాయించుకోండి బాబూ, ఆదివారం నాకో ఐదు నిమిషాలివ్వండి చాలు" అన్నారు మాస్టారు. పోయినేడు ఆ ఐదు నిమిషాలూ పీకేశారు. అనౌన్స్‌మెంట్స్‌కి టైమ్ చాలడం లేదట!

భూస్థాపన ఆరాధనకి మిగిలిన నలుగురం ఆయనకిష్టమైన కీర్తన పాడదామని కాగితాలు పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాం. కమిటీ పెద్ద మా వైపు చూడనైనా చూడకుండా, అదే కీర్తన ఎవరో పాడింది ఫోన్‌లో ప్లే చేశాడు. మధ్యలో కార్ ఇన్సూరెన్స్ యాడ్ వచ్చింది. శవపేటిక పక్కన! లేచి నిలదీశాను.

"ఆయనకి ఇష్టమైందే పెట్టాం కదా బ్రదర్?"

"మేం బతికే ఉన్నాం కదా అంకుల్, మీ ఎదురుగా!"

"అరవకు, అందరూ చూస్తున్నారు. కూర్చో."

కూర్చున్నాను. అలా కూర్చున్నందుకు నా మీద నాకింకా కోపం తగ్గలేదు.

సమాధి దగ్గర మాత్రం ఎవర్నీ అడగలేదు. ఆల్టో, అంటే పై నుంచి రెండో గొంతు పాడే ఆంటీ శ్రుతి ఇచ్చారు, అందుకున్నాం. రెండో పేజీలో నా పెన్సిల్ గీత వచ్చింది. ఆయన చెప్పినట్టే అక్కడ ఊపిరి తీసుకున్నాను.

కింది స్వరం తెగిపోయింది. అందరికీ తెలిసింది.