గమ్మున కాఫీ

మీరు కర్నూలు వస్తే బురుజు తర్వాత చూసుకోవచ్చు, ముందు గౌసియాను కలవాలి. కలిసి తీరాలి. నంద్యాల రోడ్డులో, ఇక ఊరు అయిపోయింది అనుకునే చోట తుప్పు పట్టిన కమాను ఒకటి కనిపిస్తుంది. దాని కింద నుంచి లోపలికి వెళ్తే చంద్రకాంత గార్డెన్ రిసార్ట్. ఆ పేరు బోర్డుకే పరిమితం, ఊళ్లో అందరికీ అది శేషన్న తోట. సపోటా చెట్ల మధ్య పెంకుల గదులు, బేతంచెర్ల బండలు పరిచిన దారులు, నీళ్లు మానేసిన ఫౌంటెన్, ఒక చెవి విరిగిన సిమెంటు జింక. ఇదంతా నడిపేది గౌసియా. యాభై దాటిన మనిషి. గదులు తుడవడానికి చేరి, ఇప్పుడు తాళాలన్నీ కొంగున కట్టుకుని తిరుగుతోంది. ఆమె ఉద్యోగానికి పేరంటూ ఏమీ లేదు. మేనేజరు అని ఎవరైనా పిలిస్తే మాత్రం కాదనదు.

తోట పాతదే గానీ పక్క వీధి కొత్తది. తోట గోడకు అవతల నాలుగైదేళ్లలో ఒక లోకమే పుట్టుకొచ్చింది. మండీ బిర్యానీ హోటళ్లు, బార్లు, పాటలకు తగ్గట్టు రంగులు మార్చే దీపాలు. జనం దాన్ని రంగుల రోడ్డు అంటారు. సాయంత్రమైతే చాలు, అక్కడ పాటలు మోగించే చాంద్ డీజే మొదలవుతుంది. గదుల్లో చెంబులు కూడా దరువుకు కదులుతాయి.

గౌసియా దీనికి జవాబులు సిద్ధంగా పెట్టుకుంది.

"ఏందమ్మా ఈ గోల?" అని ఎవరైనా అడిగితే, "పెండ్లి సార్, ఈ పొద్దు ఒక్కదినమే" అంటుంది.

"నిన్న కూడా పెళ్లే అన్నావు! ఇది ఆషాఢం కదా?"

"మా సాయిబులకు ఆషాఢం యాడిది సార్!"

అడిగినవాడు నవ్వుకుంటూ గదిలోకి పోతాడు. కొందరు మాత్రం పెట్టె సర్దుకుని పోతారు. అలా పోయేవాళ్లు ఎక్కువైపోయారు. యజమాని శేషన్న ఒకరోజు జింక పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, విషయం తేల్చి చెప్పాడు.

"గౌసియా, పక్కన బారు నడిపే ఆయప్ప తోట అడగతాండాడు. బండ్లు నిలబెట్టుకోనీకి. ఈ నెలలో ఒక్క పెండ్లి విడిదన్నా రాకుంటే ఇచ్చేస్తా. చెట్లు పోతే పోనీ."

చెట్లతో పాటు వంటింటి వెనక గౌసియా ఉంటున్న గదీ పోతుంది. అందుకే కాకినాడ నుంచి మగపెళ్లివారు విడిది చూడటానికి వస్తున్నారని ఫోను రాగానే, ఆమె జింకకు సున్నం కూడా వేయించింది.

వచ్చింది ఇద్దరే, పెళ్లికొడుకు తల్లిదండ్రులు. తండ్రి వీర్రాజు, బొద్దుమీసాల మనిషి. తల్లి అనంతలక్ష్మి, చల్లని ముఖం. పెళ్లికూతురు కర్నూలమ్మాయి. ఒక రోజు ఉండి, తోట నచ్చితే బంధువులందరినీ ఇక్కడే దింపుతామన్నారు. మధ్యాహ్నం గదిలో సామాను పెట్టగానే వీర్రాజు గుమ్మంలోంచి కేకేశాడు.

"ఏమ్మా! రెండు కాఫీలు పంపించండి. గమ్మున!"

గౌసియా మనసు కరిగిపోయింది. ఎంత మంచి మనిషి! భార్య పడుకున్నట్టుంది, అలికిడి కాకూడదని అడుగుతున్నాడు. వంటవాడు ఓబుళేశును పిలిచి చెప్పులు విప్పించింది.

"తలుపు కొట్టద్దు. వరండాలో స్టూలు మీద పెట్టి, గమ్మున వచ్చెయ్."

ఓబుళేశు దొంగలా వెళ్లి దొంగలా వచ్చాడు. చాలాసేపటికి వీర్రాజు ఎర్రబడిన ముఖంతో బయటికి వచ్చాడు. స్టూలు మీద కాఫీ మీగడ కట్టి, ఒక చీమను కూడా మోస్తోంది.

"ఇదేంటండీ? గమ్మున అన్నానా లేదా?"

"గమ్మునే తెచ్చినాడు సార్! గమ్మునే పెట్టినాడు, గమ్మునే పోయినాడు!"

"ఇదా గమ్మున? ఈసారి వేడినీళ్లయినా ఇంకాస్త గమ్మున తెప్పించండి!"

ఇంకాస్తనా! గౌసియా వంటింట్లోకి వెళ్లి గుండెల మీద చెయ్యి వేసుకుంది. వట్టి కాళ్ల అడుగులు కూడా వినిపించాయంటే అవి చెవులా, ఇంకేమన్నానా?

"ఇంకెట్ల పోవల్ల అక్కా? గాల్లో ఎగురుకుంటానా?" అన్నాడు ఓబుళేశు.

"బకెట్ కడ్డీకి గుడ్డ చుట్టుకో. ఒక్కొక్క అడుగే ఎయ్. నోరు తెరిచినావో, చూడు!"

ఆ నీళ్లు గది చేరేసరికి గోరువెచ్చన కూడా మిగల్లేదు. వీర్రాజు ఏదో అనబోతే ఓబుళేశు పెదవుల మీద వేలు పెట్టి చూపించి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చేశాడు. తోటంతా గౌసియా సైగలతోనే నడుస్తోంది. తోటమాలి చీపురు పక్కన పెట్టి ఆకులు చేత్తో ఏరుతున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. సాయంత్రం డీజే! చెప్పుల చప్పుడుకే మీసాలు లేపే మనిషి, చాంద్ స్పీకర్లు మోగితే కాకినాడ దాకా ఆగడు. వెంటనే వెనక గేటు లోంచి రంగుల రోడ్డులోకి వెళ్లింది. చాంద్ వైర్లు చుట్టుకుంటున్నాడు.

"చాందూ, ఈ పొద్దు మోగించద్దురా."

"శనివారం గదా, గౌసియా ఆపా! ఈ పొద్దు మోగించకుంటే ఇంకెప్పుడు?"

బతిమాలితే లాభం లేదని ఆమెకు అర్థమైంది. గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి చెప్పింది. "మా తోటలో ఎవరు దిగినారో తెలుసా? సప్పుడు కొలిచేటోళ్లు. గదిలో మిషన్ పెట్టుకోని కూచున్నారు. ఎక్కువ మోగించినోడి పెట్టెలన్నీ ఎత్తుకపోతారంట. నీకు చెప్పినట్ల యాడా అనొద్దు."

చాంద్ యాడా అనలేదు. కాకపోతే టీ కొట్టులో ఒకడికి, బిర్యానీ హోటల్లో ఇంకొకడికి మాత్రం చెప్పాడు. పొద్దు వాలేసరికి రంగుల రోడ్డు మొత్తం నోరు మూసుకుంది. బిర్యానీ హోటలువాడు ఆర్డర్లు చెవిలో చెప్పించుకుంటున్నాడు. తోటలో చాలా ఏళ్లకు పిచ్చుకలు వినిపించాయి.

గౌసియా గర్వంగా జింక మీద చెయ్యి వేసి నిలబడింది. వీర్రాజు ఆవులిస్తూ బయటికి వచ్చాడు.

"కాఫీ సంగతి అటుంచండి గానీ, ఇంత హాయిగా నిద్రపోయి ఎన్నాళ్లయిందో! విడిదంటే ఇలా ఉండాలి."

గౌసియా ప్రాణం లేచి వచ్చింది. అంతలో వెనకే అనంతలక్ష్మి వచ్చింది. పట్టుచీర, తలలో మల్లెలు, కళ్లకు కాటుక.

"ఏమ్మా, రంగుల రోడ్డు ఇదేనా? మా అబ్బాయి ఫోనులో వీడియో చూపించాడు. అక్కడ నాలుగు పాటలు విని, బిర్యానీ తిని, కుర్రాళ్లతో పాటు రెండడుగులు వేద్దామనే కదా ఈ తోటే కావాలని పట్టుబట్టాను! ఇదేంటి, ఎవరో పోయినట్టుంది?"

గౌసియా జింక మీది చెయ్యి తీసేసింది. "సారుకు నిశ్శబ్దం కావాలన్నారు కదమ్మా. మధ్యాహ్నం నించీ గమ్మున, గమ్మున అని..." అంది.

అనంతలక్ష్మి పడీపడీ నవ్వింది. "అయ్యో పిచ్చితల్లీ! మా వైపు గమ్మున అంటే తొందరగా అని! మీకు వేరే అర్థమా?"

"మాకు నోర్మూసుకోని అని అమ్మా."

ముందు ఓబుళేశు స్తంభం వెనక్కి పోయి నవ్వుకున్నాడు. తర్వాత వీర్రాజు మీసాల్లో నవ్వాడు. నవ్వులు అయిపోయాక అసలు ప్రశ్న వచ్చింది.

"సరేగానీ, రోజూ ఇంత ప్రశాంతంగానే ఉంటుందా?" అన్నాడు వీర్రాజు. "అలా ఉంటేనే ఈ విడిది."

"రోజూ ఇంత చప్పగా ఉంటుందా?" అంది అనంతలక్ష్మి. "అలా అయితే ఇంకోటి చూసుకుంటాం."

ఉంటుందంటే ఆమె పోతుంది, ఉండదంటే ఆయన పోతాడు. ఎవరు పోయినా తోటలో బండ్లు నిలబడతాయి. గౌసియా ఇద్దరి ముఖాలూ చూసింది. వీర్రాజు అడిగిన తర్వాత ఒకసారి భార్య వైపు చూశాడు. అనంతలక్ష్మి మాత్రం ఎవరి వైపూ చూడలేదు. ఆ ఇంట్లో మాట ఎవరిదో తెలియడానికి గౌసియాకు అది చాలు.

"లేదమ్మా. మీ కోసరమని నేనే ఆపించినా." అప్పటికప్పుడు చాంద్‌కు ఫోను చేసింది. "ఒరే, మిషనోళ్లు పోయినారు. ఇంక కానియ్!"

రంగుల రోడ్డు సాయంత్రం నుంచి మింగినదంతా ఒక్కసారిగా కక్కింది. పిచ్చుకలు లేచిపోయాయి, అనంతలక్ష్మి భుజాలు వాటంతట అవే కదిలాయి. వీర్రాజు చెవులు మూసుకుని అరిచాడు.

"నేనెక్కడ పడుకోవాలండీ!"

గౌసియా కన్ను ఆర్పకుండా ఆయన చెవి దగ్గరికి వంగింది. "మీకు వెనక బావి పక్కన గది ఉండాది సార్. పెండ్లికి అది మీ ఒక్కరికే. ఆడ ఉంటే చీమ చిటుక్కుమన్నా ఇనపడదు."

"నిజంగానా?"

"శానా నిజం సార్."

ఆయన భార్యను చూశాడు, ఆమె తల ఊపింది, విడిది ఖాయమైంది. గౌసియా వెంటనే శేషన్నకు ఫోను చేసి చెప్పింది. ఓబుళేశు మాత్రం స్తంభం వెనక నుంచి ఆమెనే గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"అక్కా, బావి పక్క గోడకవతలే గదా చాంద్ జనరేటరు ఉండేది?"

"నోర్మూసుకోరా! పెండ్లికి ఇంకా టయముంది."

గౌసియాకు ఆ ఒక్క సాయంత్రమే ఉంది, ఎదురుగా ఇద్దరున్నారు, వెనక తోట ఉంది. అనంతలక్ష్మికి నిజం చెప్పి, వీర్రాజుకు గది చెప్పింది. ఆ జింక పక్కన నిలబడి ఉంటే మీరేం చేసేవాళ్లు?