మావాడిని దాచిన దీపావళి

నా కుక్కకు షుగర్ ఉందని మా గల్లీలో అందరికీ తెలుసు. లేదన్న సంగతి నాకు, మా అమ్మకు, కుక్కల డాక్టరుకు మాత్రమే తెలుసు.

నాకు చూపు లేదు. కాలేజీ రోజుల్లో రెటీనా జబ్బు మొదలై, మెల్లమెల్లగా మొత్తం పోయింది. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం. ఇంటి నుంచి నడిచే దూరమే కానీ మధ్యలో పెద్ద రోడ్డు ఉంది, తవ్వి పూడ్చని గుంతలున్నాయి, ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ ఆగే ఆటోలున్నాయి. ఈ కుక్క, అంటే మావాడు, రాకముందు అమ్మే నా చెయ్యి పట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లేది. దింపి ఊరుకుంటే ఎంత బాగుండు! నేను పొద్దున టిఫిన్ సరిగ్గా తినలేదని గేటు దగ్గర సెక్యూరిటీ అతనికి చెప్పేది. నా కింద పనిచేసే పిల్లల ముందే నా జడ సవరించేది. ముప్పై దాటిన మనిషికి అంతకంటే నగుబాటు ఏముంటుంది?

తర్వాత వేరే రాష్ట్రంలోని ఒక శిక్షణ కేంద్రం నుంచి మావాడు వచ్చాడు. లాబ్రడార్. ఒంటికి పట్టీలు, వీపు మీద నేను పట్టుకోవడానికి గట్టి పిడి. ఆ మొత్తాన్ని హార్నెస్ అంటారు. గుంత వస్తే ఆగుతాడు, బండి అడ్డముంటే పక్క నుంచి తిప్పుతాడు. వాడితో మొదటిసారి అమ్మ లేకుండా ఆఫీసు చేరిన రోజు గేటు దగ్గర నాకు ఏడుపాగలేదు. సెక్యూరిటీ అతను కంగారుపడి, "టిఫిన్ చెయ్యలేదా మేడమ్?" అని అడిగాడు.

మావాడి బలహీనత తిండి. మా గల్లీ బలహీనత పెట్టడం. వీళ్లిద్దరి మధ్య నేను నలిగిపోయాను. కిస్మిస్ కుక్కల కిడ్నీలు పాడుచేస్తుందని, చాక్లెట్, ఉల్లిగడ్డ అసలు తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. రంజాన్ నాడు పక్కింటి చాచీ గిన్నె నిండా కిస్మిస్ దట్టించిన షీర్‌ఖుర్మా పాయసం తెచ్చింది. మూత తీయకముందే మావాడి తోక నా కాలికి టపటపా కొట్టుకుంది. వాడికి వద్దన్నాను. కారణం కూడా చెప్పాను.

"మా ఇంట్ల ఖుర్మా తిని ఎవ్వలన్న సచ్చిండ్రా బిడ్డా? జరంత నాకనియ్యి. పండుగ పూట పసురానికి నోరు కడ్తవా?" అంది చాచీ. గొంతులో కోపం కంటే బాధ ఎక్కువుంది. కిడ్నీల గురించి మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేకపోయింది.

"వాడికి షుగర్ చాచీ," అన్నాను.

ఆ మాటతో గిన్నె వెనక్కి వెళ్లిపోయింది. వరంగల్‌లో కిడ్నీ మాట ఎవరూ నమ్మరు గానీ షుగర్ అంటే ఎంతటివాళ్లయినా తలవంచుతారు. తెల్లారేసరికి గల్లీ అంతా పాకింది. ఫాస్టింగ్ ఎంత ఉంటాందని ఒకరు, మా బావకు కూడా గింతే చిన్న వయసుల వచ్చిందని ఒకరు. చాచీ స్వయంగా కాకరకాయ రసం తీసి పంపింది. దాన్ని అమ్మ తాగింది. అమ్మకు నిజంగానే షుగర్ ఉంది.

దీపావళి దగ్గరపడింది. చప్పుడు దగ్గర షుగర్ మంత్రం పారదు. శిక్షణ కేంద్రం నుంచి ట్రైనర్ ఫోన్ చేసి, పటాకుల మోతకు ఒక్కసారి గట్టిగా బెదిరితే కొన్ని కుక్కలు మళ్లీ రోడ్డెక్కవని చెప్పాడు. హార్నెస్ చూస్తేనే మంచం కిందికి దూరతాయట. అలా అయితే వాడిని పని మాన్పించక తప్పదట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వాడి మెడ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. వాడు పోతే మళ్లీ అమ్మ చెయ్యి, మళ్లీ ఆ గేటు. నా భయంలో సగం వాడి కోసం, సగం అచ్చంగా నా కోసం.

ఎదురింటి కాక దగ్గరికి వెళ్లాను. ఆయన డోర్నకల్‌లో రైల్వే గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ గల్లీలో ఏ బండి కదలాలన్నా ఆయన ఊఁ అనాలి. మా ఇంటి ముందు పటాకులు కాల్చకుండా చూడమని బతిమాలాను.

"నువ్వేం ఫికర్ చెయ్యకు బిడ్డా. మీ ఇంటి ముంగట అగ్గిపుల్ల గూడ గియ్యనియ్య," అన్నాడు.

నా ఏర్పాట్లు నేను చేసుకున్నాను. రోడ్డుకు బాగా దూరంగా ఉంటుందని వెనక సామాన్ల గదిని ఎంచుకున్నాను. కిటికీకి దుప్పట్లు కట్టాం. ఫ్యాన్ పెట్టాం, టీవీ తెచ్చి సీరియల్ మోగించాం. చీకటి పడకముందే తలుపు వేసుకుని మావాడూ నేనూ లోపల కూర్చున్నాం.

వీధి వైపు ఒక్క చప్పుడు లేదు. కాకను మనసులోనే దీవించాను.

అప్పుడు మా కిటికీ పక్కనే సుతిలి బాంబు పేలింది. గదిలో గిన్నెలన్నీ గలగలలాడాయి. దాని వెనకే ఇంకోటి. వెనక ఖాళీ ప్లాటులో ఎవరో ఆకతాయిలనుకున్నాను. అమ్మ డాబా ఎక్కి చూసి కేకేసింది. ఆకతాయిలు కాదు, గల్లీ మొత్తం అక్కడే ఉంది!

"ఓ అన్నా! గిదేం పని?" అమ్మ పైనుంచి అరుస్తోంది.

"నీ బిడ్డనే చెప్పింది గదమ్మా! అందరిని ఎన్కకు మళ్లించిన. ముంగట ఒక్కటన్న పేలిందా?" కాక గొంతులో ఎక్స్‌ప్రెస్‌ను పక్క పట్టాల మీదికి తిప్పినంత గర్వం.

"కుక్క ఎన్కనే ఉన్నదే!"

"ఎన్కకెందుకు వెట్టిండ్రు? గంత సక్కగ ముంగట ఖాళీ చేపిస్తిని గద!" కాకకు నిజంగానే కోపమొచ్చింది.

తప్పు నాదే. వాడిని ఏ గదిలో పెడతానో ఎవరికీ చెప్పలేదు. కాక ఆపమని అరుస్తూనే ఉన్నాడు. కానీ అప్పటికే ఎవరో వెయ్యివాలా అంటించారు. దానికి గార్డు మాట వినే అలవాటు లేదు.

మావాడు నా ఒళ్లోకి ఎక్కడానికి ప్రయత్నించాడు. పట్టని ఒళ్లు, పట్టని కుక్క. వాడి గుండె నా మోకాలికి కొట్టుకుంటోంది. "ఏం లేదురా, ఏం లేదు," అంటూ రెండు చేతులతో వాడి చెవులు మూశాను. వెయ్యివాలా అయిపోగానే అమ్మా నేనూ వాడిని ముందు గదికి మోసినంత పని చేశాం. అక్కడ ఊరంతటికీ సరిపడా నిశ్శబ్దం. కాక వచ్చి మా మెట్ల మీద కూర్చుని, కాకరపువ్వొత్తితో వచ్చినవాళ్లను కూడా వాపస్ పంపాడు.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టమని అమ్మ అడిగింది. పెట్టలేదు. వాయిదా వేస్తే నాకే ధైర్యం చాలదు. హార్నెస్ చేతిలో పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. రోజూ గంతేసి వచ్చేవాడు ఆ పొద్దు రాలేదు. పిలవకుండా ఆగాను. కాసేపటికి గోళ్ల చప్పుడు నెమ్మదిగా దగ్గరికొచ్చి, తల పట్టీలోకి దూరింది.

పెద్ద రోడ్డు అంచు దాకా బాగానే నడిచాం. అక్కడెవరో మిగిలిపోయిన బాంబు ఒకటి మా పక్కనే పేల్చారు.

నేను కెవ్వుమని పిడి వదిలేశాను. వాడి మెడ తాడూ వదిలేశాను. అటు లారీ హారన్లు, ఇటు నా చేతుల్లో ఏమీ లేదు. మావాడు పరుగెత్తి ఉంటాడు, ఏ బండి కింద పడ్డాడో అనుకుని గుడ్డిగా రెండడుగులు ముందుకేశాను. మోకాళ్లకు మెత్తగా ఏదో తగిలి ఆగిపోయాను. మావాడే. రోడ్డుకూ నాకూ మధ్య అడ్డంగా నిలబడి ఉన్నాడు. వాడి ఒళ్లు వణుకుతోంది. కానీ కదల్లేదు. తడుముకుని పిడి అందుకున్నాను.

నేను "పద" అంటేనే వాడు నడవాలి. శిక్షణలో అది మొదటి పాఠం. ఆ మాట అనడానికి నాకే భయమేసింది. కాసేపు చూసి, నేను ఏమీ అనకుండానే వాడు నన్ను ఆఫీసు గేటు దాకా నడిపించాడు. సాయంత్రం ట్రైనర్ ఫోన్ చేసి వాడేమైనా తప్పు చేశాడా అని అడిగితే, ఒక్కటీ లేదన్నాను.