అత్తయ్యగారు ఒక్కరే

మా కోడలు బీఎడ్ చదివింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ సర్టిఫికెట్టు బీరువాలో పట్టుచీరల మధ్యనే ఉండిపోయింది. చీరలైనా అప్పుడప్పుడు ఎండ చూస్తాయి. కొన్న వస్తువు వాడకుండా పడి ఉంటే నాకు తోచదు. చదువు సంగతీ అంతే. పిల్లలు బడికి పోయే వయసు వచ్చాక, ఉద్యోగం చూసుకోమని నేనే అన్నాను.

రామచంద్రపురంలో ఒక ఇంగ్లీషు మీడియం బడివాళ్ళు కిందటేడు పిలిచారు. ఉద్యోగం ఇచ్చేముందు వాళ్ళ ఎదుట ఒక పాఠం చెప్పి చూపించాలి. దాన్ని డెమో అంటారు. రెండో తరగతి పిల్లలకి ఇంట్లోవాళ్ళ గురించి పాఠం. చెప్పి వచ్చింది. ఇంగ్లీషు సరిచేసుకుని రమ్మన్నారు. ఈ వేసవిలో, సెలవులు ఇవ్వకముందే మళ్ళీ పిలిచారు. మళ్ళీ అదే పాఠం.

“ఈసారీ కాదంటే ఇంక ఎక్కడా అడగనండి అత్తయ్యగారూ,” అంది కోడలు. ఏడిస్తే సర్దిచెప్పి ఊరుకుందును. మామూలుగా చెప్పింది. అందుకని నమ్మాను.

అవి కొత్త చింతపండు వచ్చే రోజులు. పెరట్లో చాప వేసుకుని ఇద్దరం గింజలు తీసేవాళ్ళం. చేతులకి పని ఉంది, నోరు ఖాళీగా ఉంది. ఆ పాఠమేదో ఇక్కడే చెప్పుకోమన్నాను. నేను చదివింది నాలుగో తరగతి వరకే. తప్పులు పట్టేదాన్ని కాదు కాబట్టి భయం ఉండదనుకున్నాను.

పిల్లల సంగతి, పక్కింటివాళ్ళ సంగతి గడగడా చెప్పేది. నా దగ్గరికి వచ్చేసరికి “మై మదరిన్‌లా ఆర్” అని నాలిక కరుచుకునేది. మళ్ళీ మొదలుపెట్టేది. మళ్ళీ అక్కడే కరుచుకునేది.

“ఏంటమ్మాయ్, నా దగ్గరే ఏం వచ్చింది?”

“ఒక్కరుంటే ఇజ్ అనాలండి. ఎక్కువమంది ఉంటే ఆర్. చేసే పనికి కూడా అంతేనండి. ఒక్కరైతే చివర ఒక స చేరుతుంది, గోస్, ఈట్స్ అని. మీరు ఒక్కరే కదండీ.”

“ఒక్కదాన్నే. మరి?”

“మీరు ఎదురుగా ఉంటే ఆర్ వచ్చేస్తోందండి.”

“నేను లోపలికి పోనా?”

“పోయినా వస్తోందండి. మావయ్యగారికీ అంతే. కాగితం మీద రాస్తే మాత్రం ఒక్క తప్పు రాదు.”

“మరి పిల్లలకి రాదేం?”

“వాళ్ళకి మర్యాదేంటండి, ఇజ్ సరిపోతుంది.”

అప్పుడు నాకు సంగతి తెలిసింది. కోడలి పుట్టిల్లు అన్నవరం అవతల. వాళ్ళింట్లో అమ్మ వచ్చింది, నాన్న తిన్నాడు అంటారు. ప్రేమగానే అంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో, వీధి అరుగు మీద నలుగురూ ఉండగా “మావయ్య వచ్చాడు” అంది. లోపలికి పిలిచి, “మావయ్యగారు వచ్చారు” అనిపించాను. సరిగ్గా అనేదాకా గరిటె చేతికివ్వలేదు. మా వైపు కుర్చీలో కూచున్న పెద్దమనిషి ఒక్కరే అయినా మాటలో పదిమంది ఉంటారు. కోడలు బాగా నేర్చుకుంది. ఎంత బాగా అంటే, ఇంగ్లీషులో కూడా మానలేకపోతోంది.

నేర్పినదాన్ని వెనక్కి తీసుకోవడం నాకు అలవాటు లేదు. కానీ బుట్టలో చింతపండు ఇంకా చాలా ఉంది.

“ముందు తెలుగులో అను. అత్తయ్య వస్తోంది అను.”

“అమ్మో, నా వల్ల కాదండి.”

“ఉద్యోగం వద్దా?”

“అత్తయ్య... వస్తోంది,” అని, ఆ చేతులతోనే లెంపలు వేసుకుంది.

“మొహానికి పూసుకునే పండు కాదది. మళ్ళీ అను. తింటోంది అను. తిడుతోంది అను.”

తిడుతోంది అన్నది మాత్రం మొదటిసారే తడబడకుండా వచ్చింది.

వీధి గదిలోంచి మావారు, “ఏమే, కోడలు ఎవర్ని పట్టుకుని తిడుతోంది అంటోంది?” అని కేకేశారు.

“నన్నే. పనిలో ఉన్నాం, మీరు పేపరు చదువుకోండి.”

ఆయన చదువుకున్నారు. ఈ పద్ధతి పెరటి గుమ్మం దాటకూడదని కోడలికి గట్టిగా చెప్పి, నోరు తిరిగాక ఇంగ్లీషు మొదలుపెట్టించాను. బుట్ట ఖాళీ అయ్యేసరికి నేను ఇజ్‌లోకి వచ్చాను. ఉప్పు కలిపి చింతపండు జాడీలోకి ఎత్తాం.

డెమోకి నేనూ వెళ్ళాను. ఆడవాళ్ళకి బస్సు ఊరికే కదా, ఇంట్లో కూచుంటే మిగిలేదేమీ లేదు. బళ్ళో నన్ను వరండాలో బల్ల మీద కూచోమన్నారు. ఎదురుగా తరగతి కిటికీ. హెడ్మిస్ట్రెస్ గారు పిల్లల వెనక కూచున్నారు. కోడలు బోర్డు మీద ఒక ఇల్లు గీసి, ఒక్కొక్కరి గురించే చెప్పుకుంటూ వచ్చింది. “మై మదరిన్‌లా” అంటూ కిటికీ వైపు తిరిగింది. నేను కనపడ్డాను. ఆగిపోయింది. చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

లేచి పక్కకి పోదామనుకున్నాను. పోయినా ఆ ఆర్ వస్తుందని తనే చెప్పింది కదా. చెయ్యెత్తి, బొటనవేలితో గింజ తీస్తున్నట్టు చూపించాను.

“మై మదరిన్‌లా ఇజ్ వెరీ స్ట్రిక్ట్,” అంది. “షీ గెట్స్ అప్ ఎర్లీ. షీ వేస్ట్స్ నథింగ్.” మాటల చివర ‘స’లన్నీ కిటికీ దాకా వినపడ్డాయి. స్ట్రిక్ట్ అంటే నాకు తెలుసు. ముందు వరసలో ఒక పిల్ల “టీచర్, ఆవిడేనా?” అని నన్ను చూపించింది. తరగతంతా తిరిగి చూసింది. నేను సర్దుకుని కూచున్నాను.

బడి తెరిచే రోజు నుంచి రమ్మన్నారు.

తిరుగు బస్సులో కోడలు మా అబ్బాయికి ఫోన్ చేసింది. “ఏవండీ, ఉద్యోగం వచ్చేసింది! ఎక్కడా తడబడలేదండి. అత్తయ్య కూడా వచ్చింది, కిటికీ దగ్గరే కూచుంది!”

ముందు సీట్లో ఉన్నావిడ వెనక్కి తిరిగి మమ్మల్ని ఇద్దర్నీ చూశారు. కోడలు ఫోన్ దించేసి నా వైపు చూసింది.

నేను కిటికీలోంచి కాలవ చూస్తున్నాను. బస్సు చప్పుడులో నాకు వినపడలేదనుకుంది. అనుకోనిచ్చాను.