బ్యాటరీ ఎందుకు దిగిపోతోంది? తిరుపతి నుంచి చిత్తూరుకు ఒక ఆదివారం

పాత కారులో తిరుపతి నుంచి చిత్తూరు దాకా వెళ్ళాలనుకుంటున్నామని, దారి గురించి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇప్పటి రోడ్డు సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది ఎనభైల మొదట్లో, ఒక ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరి సాయంత్రం ఆరుకల్లా ఇల్లు చేరిన ప్రయాణం. గుడికీ కాదు, పెళ్ళికీ కాదు. మా కారు బ్యాటరీ ఎందుకు దిగిపోతోందో తెలుసుకోవడానికి వెళ్ళాం.

అప్పట్లో నేను తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. మావారికి కొండ మీద ఆఫీసులో ఉద్యోగం. మా అత్తగారికి తుంటి ఎముక విరిగి బస్సెక్కలేని పరిస్థితి వస్తే, ఆవిడ కోసమే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. నడపడానికి మునిరత్నాన్ని పెట్టుకున్నాం. పాకాల దగ్గర పల్లె అతనిది, నలభై ఏళ్ళుంటాయి, అంతకుముందు లారీలు నడిపాడు. మూడు నెలలు కారు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు పొద్దున సెల్ఫ్ కొడితే టక్కుమని చప్పుడొచ్చి ఊరుకుంది. తోస్తే గాని స్టార్టవలేదు. నెలన్నరలో అలా ఆరుసార్లయింది. రెండు షాపులవాళ్ళు బ్యాటరీ పాతబడిందన్నారు. కొత్తది వేయించాం. ఎనిమిదో రోజుకి అదీ దిగిపోయింది. అది కూడా ఆసుపత్రి గేటు ముందు, అత్తగారు వెనక సీట్లో ఉండగా! మూడు గంటలు డాక్టరు దగ్గర కూర్చుని వచ్చిన మనిషి, ఇంకో గంట ఎండలో కారులో కూర్చోవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం మావారు వాకిట్లో నిలబడి మునిరత్నాన్ని నిలదీశారు. కారులో డ్రైవరు ముందు చిన్న ఫ్యాను ఒకటి ఉండేది. "మేం లోపలికి పోయినప్పుడల్లా నువ్వు ఫ్యాను వేసుకుని నిద్రపోతా ఉండావు, అంతే గదా?" అన్నారు. అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు గోడల దగ్గర నిలబడి వింటున్నారు.

"నేను ఫ్యాను ముట్టనే లేదు సార్," అన్నాడు మునిరత్నం.

"మరి కరెంటు యాడికి పోతాంది?"

సోమవారం నుంచి ఇంకో డ్రైవరు వస్తాడని చెప్పేసి మావారు లోపలికి వెళ్ళిపోయారు. మునిరత్నం నా వైపు తిరిగాడు. "ఒక్క పూట ఇప్పించండి మా. చిత్తూర్లో మస్తాన్ సాయిబు అని ఉండాడు, లారీలకి వైరింగ్ సేస్తాడు. ఆయన గూడా నాదే తప్పంటే తాళాలు మీ సేతికిచ్చి నేనే పోతాను."

జాలిపడి ఒప్పుకున్నానని చెప్పలేను. "కరెంటు యాడికి పోతాంది?" అన్న ప్రశ్న నన్ను గుచ్చింది. క్లాసులో బ్యాటరీ బొమ్మ గీసి, బాణాలు వేసి, కరెంటు ఎటునుంచి ఎటు పోతుందో ఏటా నూరుమంది పిల్లలకి చెప్పేదాన్ని. మా ఇంటి ముందున్న బ్యాటరీలోంచి ఎటు పోతోందో నాకు తెలియదు. తెలుసుకునేదాకా ఆగేది లేదనుకున్నాను. మావారు "మీ ఇష్టం" అన్నారు. అది ఒప్పుకోవడమేనని నేను తీసుకున్నాను.

ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరాం. టిఫిన్ క్యారియర్లో పెరుగన్నం, ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. బ్యాటరీ దిగిపోయిన రోజులన్నీ, ఆ రోజుల్లో ఎక్కడెక్కడ తిరిగామో మునిరత్నాన్ని అడిగి అంతకుముందు రాత్రే రాసుకున్నాను. చంద్రగిరి దాటాక ఎండ ఇంకా కొండల వెనకే ఉంది. రోడ్డుకి రెండు పక్కలా వేరుశనగ చేలు. ఏడుంపావుకి పాకాల చేరాం. రైల్వే స్టేషను ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తిని, కాఫీ తాగి, కావాలనే అరగంట కూర్చున్నాం. ఆ రోజు నా మనసులో కోరిక ఒక్కటే, కారు ఆగిపోవాలి. ఆగిపోతే గదా జబ్బు బయటపడేది! మునిరత్నం సెల్ఫ్ కొట్టాడు. మొదటి దెబ్బకే స్టార్టయింది.

కాణిపాకం మీదుగా ఐరాల వెళ్ళే రోడ్డు చీలే చోటికి కొంచెం ముందు, ఒక తోటలో బెల్లం వండుతున్నారు. అక్కడ మళ్ళీ ఆపించాను. పెనం దగ్గర చెరుకు పిప్పి ఎగదోస్తున్న ఆమె వేడి బెల్లం కొంచెం ఆకులో పెట్టి ఇచ్చింది. మేం ఇరవై నిమిషాలుండి కారెక్కాం. అప్పుడూ వెంటనే స్టార్టయింది. నా ముఖం చూసి ఆమె నవ్వింది. "ఏమ్మా, బండి బాగానే కదలతాండాది గదా, అట్ల దిగులుగా ఉండావే?" అంది.

తొమ్మిదింటికి చిత్తూరు చేరాం. తిరుపతి నుంచి డెబ్భై కిలోమీటర్లు. మధ్యలో ఆగకపోతే ఆ రోజుల్లో రెండు గంటల దారి. మస్తాన్ సాయిబు షెడ్డు లారీలు నిలిపే మైదానం పక్కన, ఇంటికి ఆనుకుని ఉంది. శుక్రవారం మూస్తాడు, ఆదివారం తెరుస్తాడు. అరవై దాటిన మనిషి. కళ్ళద్దాలు దారంతో మెడకి కట్టుకున్నాడు. మేం చెప్పిందంతా విని, బ్యాటరీ వైపు చూడకుండా, "రోజూ దిగతాందా?" అని అడిగాడు.

నోటు పుస్తకం తీసి చదివాను. వరసగా పది రోజులు బాగుండడం, తర్వాత రెండు రోజులు దిగిపోవడం, మళ్ళీ వారం బాగుండడం. "కొన్నిసార్లు రాత్రంతా నిలబడినా ఏం కాలేదు. ఆసుపత్రి దగ్గర మాత్రం మూడు గంటల్లోనే అయిపోయింది," అన్నాను.

"మూడు గంటల్లోనా?" సాయిబు తల ఊపాడు. "ఆ సిన్న ఫ్యానుకి అంత బలం లేదమ్మా. కొత్త బ్యాటరీని అది ఒక పగలంతా తిరిగినా దించలేదు. ఇది యాడనో పెద్ద కారుడు. కరెంటు బయటికి కారిపోతాంది."

మునిరత్నం ముఖం నాకు గుర్తుంది. భుజం మీది తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

కారుడు ఉందో లేదో చూసే పద్ధతి సులువు. ఇంజను ఆపి, అన్నీ ఆపేసి, బ్యాటరీ మీది క్లాంపు ఊడదీసి మళ్ళీ దానికే తాకించాలి. కరెంటు ఎటూ పోకపోతే ఏమీ కాదు. పోతుంటే నిప్పురవ్వ లేస్తుంది. సాయిబు తాకించాడు. ఏమీ లేదు. కారు స్టార్ట్ చేయించి, ఆపించి, మళ్ళీ తాకించాడు. ఏమీ లేదు. మునిరత్నం కారుని ఊళ్ళో ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. ఆపాడు. ఏమీ లేదు. అలా పదకొండున్నర అయింది. ఎండ రేకుల మీద నుంచి దిగుతోంది.

"బండి రెండు దినాలు ఈడ పెట్టి పోండమ్మా. దొరికినప్పుడు దొరకతాది," అన్నాడు సాయిబు.

"కుదరదు సాయిబూ. రేపు ఇంకో డ్రైవరు వస్తాడు. ఈరోజే దొరకాలి."

ఆయన కళ్ళద్దాల పైనుంచి నన్ను, తర్వాత మునిరత్నాన్ని చూశాడు. "ఓహో, అదా సంగతి," అన్నాడు. "అయితే పోనీ అప్పా ఇంకో సుట్టు. గుంతల్లో వద్దు, మంచి రోడ్డులో పో."

ఇంట్లోంచి సాయిబు భార్య నాకు ఒక ముక్కాలి పీట, గ్లాసుతో టీ పంపింది. మా అత్తగారి ముందైతే తాగేదాన్ని కాదు. తాగాను. పెరుగన్నం ముగ్గురం పంచుకున్నాం. ఎన్నో చుట్టో నోటు పుస్తకంలో గీతలు పెడుతూ వచ్చాను. పదకొండో గీత పెట్టాక, ఒంటిగంట దాటిన తర్వాత, సాయిబు క్లాంపు తాకించగానే చిటుక్కుమని పెద్ద రవ్వ లేచింది. నేను పీట మీద నుంచి లేచి నిలబడ్డాను.

"కదిలించొద్దు! ఎవురూ బండి మీద సెయ్యి పెట్టొద్దు!" అని సాయిబు అరిచాడు. క్లాంపుకీ బ్యాటరీకీ మధ్య ఒక బల్బు కట్టాడు. అన్నీ ఆపేసిన కారులో బల్బు భగ్గున వెలిగింది. ఫ్యాను వైరు పీకాడు, బల్బు వెలుగుతూనే ఉంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీశాడు, వెలుగుతూనే ఉంది. చివరికి ఇంజను పక్కన రేకుకి బిగించిన నల్ల డబ్బాలోంచి, డైనమోకి పోయే లావు వైరు పీకాడు. బల్బు ఆరిపోయింది.

"ఇదీ నీ దొంగ," అన్నాడు మునిరత్నంతో.

దాన్ని వాళ్ళు కటౌట్ అంటారు. ఇంజను తిరిగేటప్పుడు డైనమో పుట్టించే కరెంటుని బ్యాటరీకి పోనివ్వడం, ఇంజను ఆగగానే ఆ దారి మూసేయడం దాని పని. మూత తీసి చూపించాడు. లోపల రెండు చిన్న లోహపు బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. దారి మూసుకోలేదు. బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోతోంది. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే టిక్కుమని విడిపోయాయి. ఒక్కోసారి అంటుకుంటాయి, ఒక్కోసారి అంటుకోవు. బండి గుంతలో పడితే కుదుపుకి విడిపోతాయి. అందుకే ఏ షాపువాడికీ దొరకలేదు.

కొత్త కటౌట్‌కీ పనికీ కలిపి నలభై రూపాయలు తీసుకున్నాడు. పాతదాన్ని కాగితంలో చుట్టి ఇమ్మన్నాను. నాలుగింటికి తిరుగు దారి పట్టాం.

పాకాల దగ్గర పడుతోంది. నాలో ఒక మాట తిరుగుతూనే ఉంది. అత్తగారిని ఆసుపత్రిలో కూర్చోబెట్టి, నేను మెల్లగా బయటికొచ్చి, గేటు చాటున నిలబడి మునిరత్నం ఫ్యాను వేసుకున్నాడేమో చూసేదాన్ని. వేసుకోలేదని నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రం వాకిట్లో నోరు విప్పలేదు. నేను చూడనప్పుడు వేసుకున్నాడేమో అనుకున్నాను. అదంతా అతనితో చెప్పేశాను.

అతను రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. "తెలుసు మా. మూడుసార్లు వచ్చి సూసినారు. అద్దంలో కనపడతాంటిరి."

"మరి అడగలేదేం?"

"అడిగితే మీరు రావడం మానేస్తారు గదా. ఎవురో ఒకరు వచ్చి సూస్తేనే బాగుండు అనుకుంటిని. నేను సెప్తే ఎవురు నమ్మతారు?"

ఇల్లు చేరేసరికి ఆరయింది. కాగితం విప్పి, బిళ్ళల మీద నల్లగా కాలిన మచ్చలు మావారికి చూపించాను. జరిగిందంతా చెప్పాను. గేటు చాటున నిలబడిన సంగతి కూడా. ఆయన దాన్ని వేళ్ళతో తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి చొక్కా వేసుకుని వాకిట్లోకి వచ్చారు. మునిరత్నం కారు కడుగుతున్నాడు. పక్కిళ్ళవాళ్ళు ఎప్పటిలా గోడల దగ్గరే ఉన్నారు.

"మునిరత్నం, నేను నిన్నన్న మాట తప్పు," అన్నారు అందరికీ వినపడేలా. "వీళ్ళందరి ముందర అంటిని. అందుకే వీళ్ళందరి ముందరే చెప్తా ఉండాను."

మునిరత్నం చేతిలో గుడ్డ పిండి బకెట్టు అంచున వేశాడు. "సరే సార్," అన్నాడు. "రేపు ఎన్ని గంటలకి రమ్మంటారు?"

తర్వాత నాలుగేళ్ళు అతను మా దగ్గరే ఉన్నాడు. ఆ తర్వాత ఘాట్ రోడ్డు బస్సులకి డ్రైవరుగా వెళ్ళాడు. ఇప్పుడు ఆ ఆదివారాన్ని తలుచుకుంటే, దొరికిన కటౌట్ కంటే దొరకకుండా పోయిన ఆ పది చుట్లే ఎక్కువ గుర్తొస్తాయి. ప్రతి చుట్టుకీ ఏమీ లేదని తేలుతుంటే, ఇక దొరకదనుకుని నేను ఒక్కసారి కూడా లేచి వెళ్ళిపోలేదు. కానీ ఇంట్లో ఒక మనిషి విషయంలో, కళ్ళతో చూసిన మూడుసార్లు కూడా నాకు చాలలేదు. యంత్రానికిచ్చినంత ఓపిక మనిషికి ఇవ్వలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

పాత కారుతో ఆ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతుంటే కొత్తది కొనేముందు, కారు ఆపిన రెండు మూడు గంటలకి బోనెట్ ఎత్తి డైనమో మీద చెయ్యి వేసి చూడండి. ఇంజనంతా చల్లారినా అదొక్కటే వేడిగా తగిలితే, మీ కటౌట్ అంటుకుపోతోందని అర్థం.